రేవు కూడ దారియే

పాలమూరు సీమలో ఏ బాట పట్టి దక్షిణముగా నడచినను చివరకు కృష్ణవేణి అడ్డు తగులును. అక్కడ బాట ఆగును. ప్రయాణము మాత్రము ఆగదు. ఏటి ఒడ్డున ఒక పుట్టి కట్టివేయబడి యుండును. తెడ్డు చేత పట్టిన మనిషి ఆవలి ఒడ్డు వైపు చూచుచు నిలిచి యుండును. అక్కడినుండి నీరే బాట. ఈ సీమవారికి తరతరములుగా రోడ్డు వేరు, రేవు వేరు కావు; ఒకదాని కొనసాగింపు మరొకటి.

ఈ రెండింటిని కలిపి ఒక్క పూటలో చూడదగిన ప్రయాణము అమరచింత నుండి కలదు. దూరము స్వల్పము. కాని మగ్గము, సంస్థానము, ఆనకట్ట, కోట, దీవి ఇన్నియు ఆ స్వల్ప దూరములోనే వరుసగా ఎదురగును. పాఠశాల విద్యార్థులకు భూగోళమును, చరిత్రను, విజ్ఞానమును ఒకే దారిలో చూపగల ప్రయాణములు అరుదు. ఇది అట్టివానిలో ఒకటి.

అమరచింత నేడు వనపర్తి జిల్లాలో మండల కేంద్రము. 2016 అక్టోబరులో జిల్లాలు పునర్విభజింపబడక పూర్వము ఇది మహబూబ్‌నగరు జిల్లాలోనిది. నిజాము పాలనలో గద్వాల, వనపర్తి, జటప్రోలు, గోపాలుపేట సంస్థానములతోపాటు అమరచింతయు ఒక సంస్థానముగా పేరొందినది. ఇందొక విశేషము గలదు. సంస్థానమునకు పేరు అమరచింతది; ప్రభువుల నివాసము మాత్రము సమీపమునందలి ఆత్మకూరు. ఈ చిన్న సంస్థానములు సిరిలో గొప్పవి కాకపోయినను కవిపండితులను ఆదరించుటలో పెద్ద రాజ్యములకు తీసిపోలేదు. తిరుపతి వేంకట కవులు గోదావరీ తీరమునుండి బయలుదేరి ఈ సీమ సంస్థానములను దర్శించి అవధానములు చేసిరి. ఆ కాలమున కవికి సన్మానము చేయుట ఎంత కష్టమో, సన్మానము జరుగు చోటికి చేరుటయు అంత కష్టమే. బండ్లబాటలు, వాగులు, నడుమ పొంగు ఏరు!

అమరచింతలో నేటికిని ఊరికి ఊపిరి మగ్గము. ఇక్కడి పద్మశాలీలు గద్వాల పద్ధతి చీరలు నేయుదురు. ఆ చీర నడుమ నూలు, అంచు పట్టు. రెండును వేరు వేరు గుణములు గలవి. ఒకటి చెమటను పీల్చును, మరొకటి మెరయును. ఈ రెండింటిని సూదితో కుట్టరు. నేయునపుడే నడిమి పేకను అంచు పేకతో పెనవైచుచు మగ్గముమీదనే ఏకము చేయుదురు. ఒక నాడెకు బదులు మూడు నాడెలు నడువవలెను. అందుచేత పని నెమ్మది, ఓర్పు అధికము. గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. మగ్గపు గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్న నేతగాని చేతులను కొంతసేపు చూచిన విద్యార్థికి, చీర ధర ఎందుకంత అధికమో ఎవరును చెప్పనక్కరలేదు.

ఊరు దాటిన పిదప బాటకు ఇరువైపుల నేల రంగులు మారుచుండును. ఒకచోట ఎఱ్ఱ చెలక, ఒకచోట నల్లరేగడి. ఏనుగులు పండుకొన్నట్లు గుండ్లు పేరిన బోళ్ళు. వాని సందులలో సీతాఫలపు పొదలు. వానకు ఎదురుచూచు పొలములలో కంది, జొన్న, వేరుశనగ. కాలువ నీరు అందిన పొలములలో వరి. ఒక్క బాటకు కుడియెడమల రెండు వ్యవసాయములు కనిపించును. ఒకదానికి ఆధారము ఆకాశము; మరొకదానికి ఆనకట్ట. ఉపాధ్యాయుడు నల్లబల్లమీద గీసి చెప్పవలసిన పాఠమును ఇక్కడ నేలయే గీసి చూపుచున్నది.

నందిమళ్ళ దాటగానే గాలి చల్లబడును; వేగుచున్న చేపల వాసన ముందుగా పలుకరించును. జూరాల చేపలకు దూరప్రాంతముల వరకు పేరు గలదు. ఆ వెంటనే విశాలమైన జలాశయము కనుల ముందు పరచుకొనును. ఈ ప్రాజెక్టుకు 1981లో పునాది పడినది. 1995లో జాతికి అంకితమైనది. కృష్ణ కర్ణాటకమును విడిచి తెలంగాణములో అడుగిడిన పిదప ఎదురగు మొదటి పెద్ద ఆనకట్ట ఇదియే. పూర్తి నీటిమట్టము 1045 అడుగులు. దీని కాలువలక్రింద సుమారు లక్ష ఎకరములు సాగునకు నిర్ణయింపబడినవి. ఆనకట్ట చెంతనున్న జలవిద్యుత్కేంద్రపు సామర్థ్యము 234 మెగావాట్లు. దిగువ జూరాలలో మరి 240 మెగావాట్లు. ఈ లెక్కలతోపాటు గుర్తుంచుకొనవలసినది మరొకటి గలదు. ఈ నీటి క్రింద కొన్ని ఊళ్ళు మునిగినవి. ఇండ్లు, గుళ్ళు, పొలిమేర రాళ్ళు వదలి జనులు ఎగువ నేలలకు తరలిపోయిరి. ఒకరి పొలమునకు నీరు వచ్చుటకై మరొకరి ఊరు నీటిపాలైనది.

ఆనకట్టమీదనే బాట. ఉత్తరపు ఒడ్డునుండి దక్షిణపు ఒడ్డునకు వాహనములు నిమిషములలో చేరును. ఆవలి ఒడ్డున ఎదురగు ఊరి పేరు రేవులపల్లి. ఆ పేరు వినినంతనే పూర్వము ఇక్కడ ఏరు దాటిన తీరు మనసునకు తోచును. వాహనములవారికి నేడు రేవుతో పని లేదు. అయినను ఊరు తన పేరులో రేవును దాచుకొన్నది. ఊళ్ళ పేర్లు చరిత్ర పుస్తకములకంటె ఓపికగలవి; రాజులు పోయినను, రేవులు పోయినను అవి నిలిచియుండును.

అక్కడినుండి ధరూరు మీదుగా గద్వాల చేరవచ్చును. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ నేలకు నడిగడ్డ యని పేరు. సోమనాద్రి కట్టించినదని ప్రసిద్ధమైన కోట, అందు చెన్నకేశవస్వామి ఆలయము ఇక్కడ చూడదగినవి. పండితులకు నెలవగుటచే ఈ పట్టణము విద్వద్గద్వాల యని కీర్తి గాంచినది. కోట లోపలనే మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట ప్రభుత్వ కళాశాల నడచుచున్నది. ఒకప్పుడు కత్తులు కాపున్న గోడల నడుమ విద్యార్థులు పుస్తకములు పట్టుకొని తిరుగుచుండుట ముచ్చటయైన దృశ్యము.

ఇక రోడ్డు ముగిసి రేవు మొదలగు చోటు. జూరాలకు దిగువన కృష్ణ రెండు పాయలుగా చీలి నడుమ ఒక దీవిని విడిచినది. దాని పేరు గుఱ్ఱంగడ్డ. గద్వాల మండలములోని ఈ ఊరిని తెలంగాణములోని ఏకైక దీవి గ్రామముగా చెప్పుదురు. చుట్టును నీరు, నడుమ పచ్చని పొలములు, కొన్ని వీధులు, ఒక బడి. ఎండకాలమున ఏరు సన్నగిల్లినపుడు రాళ్ళమీదుగా దాటుటకు వీలగును. వానకాలమున మాత్రము పుట్టియే గతి.

పుట్టి చూచుటకు పెద్ద వెదురు గంప. వెదురు బద్దలను వలయముగా అల్లి, వెలుపల పూర్వము తోలు కప్పెడివారు; ఇటీవల తారు పూసిన పట్టాలు కప్పుచున్నారు. దానికి ముందు లేదు, వెనుక లేదు. చుక్కాని లేదు, అడుగున వెన్నుదూలము లేదు. అందుచేత తెడ్డు వేసినపుడెల్ల అది తిరుగ జూచును. నేర్పరియైన సరంగు ముందుకు వంగి నీటిని తన వైపునకు లాగుకొనుచు, ఆ తిరుగుడునే నడకగా మార్చును. లోపమని తోచునదే ఈ ఏటిలో గుణము. పుట్టి అడుగు చదునగుటచే జానెడు నీటిలోను తేలును. వెదురు వంగును గాని విరుగదు. బండకు తగిలినను కొయ్యపడవవలె పగులదు. పని ముగిసినపిమ్మట ఒక్క మనిషి దానిని తలపై బోర్లించుకొని ఇంటికి కొనిపోగలడు. రాళ్ళతో నిండిన కృష్ణా తుంగభద్రలకు ఇంతకంటె తగిన వాహనమును పెద్ద ఇంజనీరైనను సులభముగా ఊహింపలేడు.

ఈ తెలివి మన సీమకే పరిమితము కాదు. క్రీస్తు పూర్వము అయిదవ శతాబ్దివాడైన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు బాబిలోను నగరమునకు వచ్చు గుండ్రని తోలు పడవలను వర్ణించెను. వర్తకులు వానిలో సరకుతోపాటు ఒక గాడిదను గూడ ఎక్కించుకొని ప్రవాహమువెంట దిగివచ్చెడివారు. నగరము చేరినపిమ్మట పడవ కొయ్యలను అమ్మివైచి, తోళ్ళను గాడిదమీద వేసికొని నేలబాటన తిరిగి పోయెడివారు. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తుంగభద్రను దాటించు గంపవంటి పడవలను గూర్చి వ్రాసెను. లోపల వెదురుజాతి అల్లిక, వెలుపల తోలు, పదునైదిరువదిమంది ఎక్కవచ్చును, ఎప్పుడును గిరగిర తిరుగుచునే యుండునని ఆతడు వింతపడెను. అయిదువందల ఏండ్లనాడు ఆతడు చూచిన తిరుగుడే నేడు గుఱ్ఱంగడ్డ రేవులోను కనిపించును.

చూడవచ్చినవారికి ఇది వేడుక. దీవివారికి ఇది నిత్యజీవితము. పండిన పంట ఒడ్డునకు చేరవలెనన్నను, ఉప్పు పప్పు ఇంటికి రావలెనన్నను, నొప్పులు పడు గర్భిణి ఆసుపత్రికి పోవలెనన్నను ఏరు దయతలచవలెను. ఉపాధ్యాయులు పుట్టి యెక్కి బడికి పోవుదురు. పై చదువులకు పిల్లలు ఏరు దాటి ఒడ్డున ఉండవలసి వచ్చును. మిగిలిన ఊళ్ళలో బడికి పోని పిల్లవాడు బద్ధకించెనని అందురు. ఇక్కడ పిల్లవాడు రాకున్నచో ఏరు వచ్చినదేమో యని మొదట అడుగవలెను.

ఆ ఏరు చెప్పి రాదు. గుఱ్ఱంగడ్డలో ఆకాశము నిర్మలముగా నుండవచ్చును. చినుకైన పడకపోవచ్చును. కాని ఎక్కడో పడమటి కనుమలలో కురిసిన వాన ఆల్మట్టి, నారాయణపూరు జలాశయములను నింపి, జూరాల గేట్లు తెరిపించి, దీవి చుట్టును సుడులు త్రిప్పును. 2009 అక్టోబరు మొదటి దినములలో కృష్ణా తుంగభద్రలు పొంగి నడిగడ్డను, కర్నూలును ముంచివైచిన సంగతి ఈ సీమవారు మరువలేదు. 2020 ఆగస్టులో ఎగువన మక్తలు మండలపు పంచదేవపహాడు సమీపమున పుట్టి మునిగి నలుగురు కొట్టుకొనిపోయిరి. తెలుగువారు ఏ చిన్న నష్టము కలిగినను పుట్టి మునిగినదా యని అందురు. ఆ మాట నగరములలో పలుకుబడి మాత్రమే. ఈ ఒడ్డున అది జరిగిన కథ.

కనుకనే వంతెన కావలెనని దీవివారు ఏండ్ల తరబడి అడిగిరి. మంజూరైన పిదపను పనులు నత్తనడక నడచినవి. కొద్ది కుటుంబములకై అంత వ్యయమా యని తర్కించువారుందురు. ఈ తర్కమునకు సముద్రము ఆవలినుండి ఒక సమాధానము కలదు. జపానులో షికొకు దీవికి, ప్రధాన భూభాగమునకు నడుమ రేవు ఓడలు తిరిగెడివి. 1955 మే 11వ తేదీన దట్టమైన పొగమంచులో షియున్ మారు అను ఓడ మరొక ఓడతో ఢీకొని మునిగినది. 168 మంది మరణించిరి. వారిలో నూరుమంది విహారయాత్రకు బయలుదేరిన పాఠశాల పిల్లలు. ఆ దుఃఖమునుండి వంతెన కావలెనను పట్టుదల పుట్టినది. 1988 ఏప్రిలులో సెటో మహాసేతువు తెరువబడినది. అక్కడి పాఠశాలలలో ఈత నేర్పుట విస్తరించుటకును ఆ దుర్ఘటన ఒక కారణమని చెప్పుదురు. జపానువారు వంతెనకై ముప్పదిమూడేండ్లు పట్టుదలతో నిలిచిరి. అయితే ముందుగా చెల్లించిన మూల్యము పసిప్రాణములు. ఆ మూల్యము చెల్లించిన పిదపనే మేల్కొనవలెనను నియమము ఎక్కడను లేదు.

అదే జపానులో మరొక దృష్టాంతము గలదు. ఒసాకా నగరములో నేటికిని ఎనిమిది రేవులలో నగరపాలక సంస్థయే పడవలు నడుపుచున్నది. దాటువారు రుసుము చెల్లింపనక్కరలేదు. రేవు రోడ్డులో భాగమనియు, రోడ్డుపై నడచువానిని రుసుము అడుగనట్లే రేవు దాటువానిని అడుగరాదనియు వారి భావము. వంతెన పూర్తియగువరకు మన దీవులకును ఈ న్యాయమే వర్తింపవలెను. రోడ్డుకు గుంత పడిన పూడ్చు బాధ్యత ఎవరిదో, రేవులో దృఢమైన పడవ, ఎక్కిన ప్రతివానికి ప్రాణరక్షక కవచము, వరద వచ్చుచున్నదను ముందస్తు కబురు సమకూర్చు బాధ్యతయు వారిదే.

ఏరు దాటువరకు ఓడమల్లయ్య, దాటిన పిదప బోడిమల్లయ్య యని సామెత. వంతెనలు వచ్చిన ఊళ్ళు రేవును మరచినట్లే, వంతెన వచ్చిననాడు గుఱ్ఱంగడ్డయు పుట్టిని మరచిపోవచ్చును. మరచినను తప్పు లేదు. పిల్లలు క్షేమముగా బడికి పోవుటకంటె పాత వాహనపు అందము ఎక్కువ కాదు. కాని వెదురు అల్లిన ఆ చేతుల తెలివి, నీటిని చదువగల ఆ కన్నుల అనుభవము వ్యర్థము కారాదు. ఈ దారిని విద్యార్థులతో వచ్చు ఉపాధ్యాయులు కోటను, ఆనకట్టను చూపినట్లే ఆ సరంగును కూడ చూపవలెను. ఏ నెలలో ఏరు ఎంత లోతు, ఏ బండ చాటున సుడి గలదు, నీటి రంగు ఎట్లు మారినచో పుట్టి ఎక్కరాదు అని పిల్లలచేత అడిగించి వ్రాయింపవలెను. ఆ జవాబులు ఏ భూగోళ పుస్తకములోను లేవు.