మైక్ కొనే ముందు గది సంగతి చూడండి

వాయిస్ ఓవర్, ఆడియోబుక్స్, పాడ్‌కాస్ట్, కవర్ సాంగ్స్... గొంతుతో ఏదైనా చేద్దామనుకునేవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న: ‘బ్రో, ఏ మైక్ తీసుకోవాలి?’ స్టూడియోల్లో కనిపించే లార్జ్ డయాఫ్రమ్ కండెన్సర్ మైకులు ఇప్పుడు మన బడ్జెట్‌లోకీ వచ్చేశాయి. ఆర్డర్ పెట్టేముందు మాత్రం ఇవి తెలుసుకోండి.

లోపల ఏముంటుంది?

కండెన్సర్ మైక్‌లో సన్నటి పొర, దాని వెనకే ఓ లోహపు పలక ఉంటాయి. మాట తగలగానే పొర కదులుతుంది. రెండింటి మధ్య దూరం మారుతుంది. ఆ మార్పే సిగ్నల్ అవుతుంది. పొర వ్యాసం దాదాపు అంగుళం ఉంటే లార్జ్ డయాఫ్రమ్ అంటారు. పొర పెద్దదైతే మైక్ సొంత రొద తగ్గించడం తేలిక. ఆస్ట్రేలియా బ్రాండ్ ‘రోడ్’ వారి ఎన్‌టీ1-ఏ సొంత రొద 5 డెసిబెల్సే. ఆడియో టెక్నికా ఏటీ2035ది 12, అంతకన్నా చిన్న పొర ఉన్న ఏటీ2020ది 20.

అసలు రొద గదిదే

ఆ 5 చూసి మురిసిపోవద్దు. అర్ధరాత్రి నిశ్శబ్దంగా అనిపించే బెడ్‌రూమ్‌లోనూ 30 డెసిబెల్స్ దాకా చప్పుడు ఉండొచ్చు. ఫ్యాన్ వేస్తే ఇంకా ఎక్కువ. రికార్డింగ్‌లో వినిపించేది అదే. ఆడియోబుక్ వేదిక ఏసీఎక్స్ నిబంధన ప్రకారం, రికార్డింగ్ స్కేల్ మీద నేపథ్య రొద మైనస్ 60 డెసిబెల్స్‌కి మించకూడదు. మించితే, ఎంత బాగా చదివినా ఫైల్ వెనక్కి రావొచ్చు.

పెద్దగా ఖర్చు లేకుండా...

* నోటికీ మైక్‌కీ దూరం 30 సెంటీమీటర్ల నుంచి 15కి తగ్గించండి. గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది రొద అంతే ఉంటుంది. మరీ దగ్గరకెళ్తే బేస్ ఎక్కువైపోతుంది. ‘ప’, ‘బ’ పలికినప్పుడు గాలి కొట్టకుండా పాప్ ఫిల్టర్ పెట్టండి.
* ఈ మైకులు ఎక్కువగా ముందువైపు శబ్దాన్నే తీసుకుంటాయి. కాబట్టి మైక్ వెనకభాగం కిటికీ, ల్యాప్‌టాప్ వైపు ఉండాలి.
* మీ వెనక గోడ నుంచి వచ్చే ప్రతిధ్వని నేరుగా మైక్‌కి తగులుతుంది. అక్కడ మందపాటి దుప్పట్లు వేలాడదీయండి.

బడ్జెట్ లెక్క

ఎక్స్ఎల్ఆర్ కండెన్సర్‌కి మామూలుగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. ఫోన్ హెడ్‌ఫోన్ జాక్ ఇది ఇవ్వలేదు. అంటే ఆడియో ఇంటర్‌ఫేస్, కేబుల్, స్టాండ్ ఖర్చు కూడా వేసుకోవాలి. ఉన్నదంతా మైక్‌కే పెట్టేస్తే అది డబ్బాలోనే ఉండిపోతుంది. ఇల్లు మెయిన్ రోడ్డు మీదుంటే, 1966 నుంచి వస్తున్న షూర్ ఎస్ఎం58 లాంటి డైనమిక్ మైక్‌ని నోటికి బాగా దగ్గరగా పెట్టుకుని చదవడం మేలు. దీనికి ఫాంటమ్ పవర్ అక్కర్లేదు. ఇంటర్‌ఫేస్ మాత్రం కావాలి.

చివరిగా చిన్న పరీక్ష. మీరు రికార్డ్ చేయాలనుకునే వేళకే ఆ గదిలో ఫ్యాన్ ఆపి, కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు కూర్చోండి. కుక్కర్ విజిల్, పక్కింటి టీవీ, బైక్ హారన్... వినిపించిన ప్రతిదీ రాసుకోండి. కొత్త మైక్ అవన్నీ వింటుంది. ఆ జాబితాలో ఎన్ని ఆపగలరో తేలాకే మైక్‌ని కార్ట్‌లో వేయండి.