కనిపించని పిట్టకు కూతే ఆనవాలు

వానాకాలంలో మన హాస్టల్ స్టడీ అవర్‌కు తోడు ఎవరో మీకందరికీ తెలుసు. వెనక కాలువ గట్టున కప్పలు. కరెంటు పోయిందంటే ఇక వాటిదే రాజ్యం. ఈ మాట చదవగానే పాత విద్యార్థులు కూడా నవ్వుకుంటారని మా నమ్మకం. మొన్న ఒక రాత్రి కరెంటు పోతే పుస్తకాలు మూసేసి మేడ మీద కూర్చుని, ఆ బెకబెకల్లో ఎన్ని రకాల గొంతులున్నాయో లెక్కపెట్టాం. ఒకరు మూడన్నారు, ఒకరు ఐదన్నారు. వాదన తేలలేదు. ఈ వ్యాసం రాయాలన్న ఆలోచన అక్కడే పుట్టింది.

అలా గట్టిగా కూసేది మగ కప్ప. వానలు పడగానే బోదురు కప్పల్లో మగది పసుపు రంగు తిరిగి, దవడల కింద నీలి తిత్తులు ఉబ్బించి ఆడదాన్ని పిలుస్తుంది. ఒక్కో జాతికి ఒక్కో పిలుపు. అంత గోలలోనూ ఆడ కప్ప తన జాతి పిలుపును ఏరుకుంటుంది. కప్ప కంటి వెనక గుండ్రటి పొర కనబడుతుందే, అదే దాని కర్ణభేరి. కీచురాయికైతే చెవులు ముందు కాళ్ల మీద ఉంటాయి. (నమ్మనివాళ్లు జువాలజీ సారును అడగండి.) మనిషి చెవికి సెకనుకు 20 నుంచి 20,000 కంపనాల దాకానే వినబడుతుంది. గబ్బిలాలు దారి వెతుక్కుంటూ చేసే అరుపులు చాలావరకు ఆ హద్దుకు పైనే ఉంటాయి.

ఆ సంగతి తేలడానికే దాదాపు నూట నలభై ఏళ్లు పట్టింది. కళ్లు లేకపోయినా గబ్బిలం దారి తప్పదని ఇటలీ శాస్త్రవేత్త స్పల్లాంజానీ 1790లలోనే గమనించాడు. కారణం మాత్రం చెప్పలేకపోయాడు. 1938లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ గ్రిఫిన్ అనే విద్యార్థి తన గబ్బిలాలను తీసుకుని భౌతికశాస్త్ర ఆచార్యుడు పియర్స్ దగ్గరికి వెళ్లాడు. మనకు వినబడని ధ్వనిని పట్టే యంత్రం ఆయన దగ్గర ఉంది. నిశ్శబ్దంగా ఉన్నాయనుకున్న గబ్బిలాలు అరుస్తూనే ఉన్నాయని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత వినికిడి మీద పనిచేస్తున్న గాలంబోస్ జత కలిశాడు. తన అరుపు ప్రతిధ్వనిని వింటూ గబ్బిలం దారి చూసుకుంటుందని ఇద్దరూ కలిసి రుజువు చేశారు. జంతువు ఒకరిది, యంత్రం ఒకరిది, చెవి గురించిన జ్ఞానం మరొకరిది.

ఇలాంటివాళ్లు ఒకచోట కలవాలనే 1969లో డెన్మార్క్‌లో అంతర్జాతీయ జీవధ్వని మండలి ఏర్పడింది. 2017లో దాని మహాసభ మన దేశంలోనే, హరిద్వార్‌లో జరిగింది. ఇక్కడ హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన చెల్మల శ్రీనివాసులు, భార్గవి శ్రీనివాసులు గబ్బిలాల ధ్వనులు రికార్డు చేసి అధ్యయనం చేశారు.

మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకున్నది మాత్రం కడప జిల్లా కథ. కలివి పొదల్లో తిరిగే కలివికోడిని ఇంగ్లీషువాళ్లు జెర్డాన్స్ కోర్సర్ అంటారు. 1848లో జెర్డాన్ అనే వైద్యుడు దీన్ని లోకానికి తెలియజేశాడు. 1900 తర్వాత అది ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ ఆ ప్రాంతపు వేటగాళ్లను అడుగుతూ తిరిగాడు. 1986 జనవరిలో ఐతన్న అనే పిట్టలు పట్టే మనిషి రాత్రిపూట దీపం వెలుగులో ఒకదాన్ని పట్టి తెచ్చాడు. పాపం, ఆ పిట్ట బతకలేదు. కానీ ఆ జాతి ఇంకా ఉందని తేలింది. 1988లో లంకమల అభయారణ్యం ఏర్పడింది.

మాలో కొందరి ఇళ్లలో కౌజు పిట్టలు పట్టిన తాతలున్నారు. ఏ పిట్ట ఏ వేళకు ఎక్కడ కూస్తుందో వాళ్లు కూర్చున్నచోటి నుంచే చెబుతారు. అదీ ఒక చదువేనని ఐతన్న సంగతి తెలిసేదాకా మాకు తోచలేదు.

ఉందని తెలిసినా, ఎన్ని ఉన్నాయో, ఎక్కడున్నాయో ఎలా లెక్కించాలి? అది రాత్రి తిరిగే పిట్ట, మట్టి రంగుది. టార్చిలైటు పట్టుకుని నడిస్తే దొరకడం అదృష్టమే. 2000 తర్వాత పి. జగనాథన్, బ్రిటన్‌కు చెందిన రైస్ గ్రీన్ మొదలైనవాళ్లు కలిసి పనిచేశారు. పొదల మధ్య నేలను చదును చేసి మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు చూశారు, తమంతట తామే ఫోటో తీసే కెమెరాలు పెట్టారు. అడవిలో విన్న కూతను టేపు మీదికి ఎక్కించి 2004లో ప్రచురించారు. ‘ట్విక్‌టూ, ట్విక్‌టూ’ అన్నట్టు రెండు ముక్కల కూత. పొద్దుగూకిన ముప్పావు గంటకు మొదలై కాసేపట్లో ఆగిపోతుంది. ఆ కాసేపు దాటితే ఆ రాత్రికి అంతే. రికార్డు చేసిన కూత వినిపిస్తే పిట్ట బదులు పలికే అవకాశం ఉంది కనుక వెతకడానికి ఒక దారి దొరికింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల అడవిలోకి వచ్చినప్పుడు, పిట్ట ఎక్కడుందో చూపే ఆధారాలు చేతిలో ఉన్నాయి. కాలువ దారి మార్చారు.

కాలువ నీటితో పండే పొలాల నుంచి వచ్చినవాళ్లం కాబట్టి కడప రైతుకు ఆ నీళ్లు ఎంత అవసరమో మాకు తెలియనిది కాదు. నీళ్లూ రావాలి, పిట్టా ఉండాలి. దారి మార్చడం కుదిరింది కదా!

ఆ తర్వాత చాలా ఏళ్లు కలివికోడి జాడ లేదు. ఇక పోయిందేమోనని మళ్లీ భయపడ్డారు. 2025 ఆగస్టులో పక్షి పరిశీలకుల బృందం ఒకటి మన రాష్ట్రంలోనే చీకట్లో చెవులు రిక్కించి కూర్చుంది. కూత వినబడింది. దాన్ని రికార్డు చేశారు. పోల్చి చూసుకోవడానికి ఇరవై ఏళ్ల కిందటి టేపు ఉండనే ఉంది.