పాత చలనచిత్రములు రంగులలో తీయబడెనా?

‘మాయాబజార్’ చిత్రమును రంగులలో చూచిన బాలబాలికలు అది రంగుల చిత్రమే యని వాదింతురు. వారి తాతలు కాదందురు. కన్నులార చూచినవారి మాట కాదనుట యెట్లు? ఈ వివాదమును తీర్చుటకు, తెరమీద ఏమి కనబడినదని కాక, తీసిననాడు కెమెరాలో ఏ ఫిలిము ఉండెనని అడుగవలెను.

నలుపు తెలుపు ఫిలిముమీద వెండి లవణముల పూత యుండును. దానిపై సోకిన వెలుగు యొక్క హెచ్చుతగ్గులే అందు నిలుచును; అది ఏ వన్నె వెలుగో ఆ పూత చెప్పజాలదు. ఎఱ్ఱచీరయు ఆకుపచ్చచీరయు ఒక్క బూడిదవన్నెగనే పడవచ్చును. రంగుల ఫిలిముమీదనో, నీలము, ఆకుపచ్చ, ఎఱుపు వెలుగులను వేఱువేఱుగ గ్రహించు మూడు పొరలుండును. కావున వస్తువు యొక్క వన్నె అందు సాక్ష్యముగ నిలుచును.

‘మాయాబజార్’ను కె. వి. రెడ్డిగారి దర్శకత్వమున విజయా సంస్థవారు 1957లో విడుదల చేసిరి. ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్లీగారు దానిని నలుపు తెలుపులోనే తీసిరి. ఇప్పుడు మనము చూచు రంగులు 2010లో కంప్యూటరు సాయమున చేర్చినవి. సెకనుకు 24 బొమ్మల లెక్కన మూడు గంటల చిత్రమునకు 2,59,200 బొమ్మలగును. ఇన్నింటికి రంగులమర్చుట సామాన్యమైన శ్రమ కాదు. ఐనను శశిరేఖ చీరకు కనబడు రంగు పనివారు ఎన్నుకొన్నదే గాని ఫిలిము చెప్పినది కాదు.

మన పొందూరివారికి ఈ భేదము తేలికగ బోధపడును. నూలునకు ముందే రంగు వేసి నేసిన బట్ట వేఱు. తెల్లగ నేసిన ఖద్దరునకు పిమ్మట అద్దకము వేసిన బట్ట వేఱు. రెండును కట్టుకొనదగినవే. కాని రెండవదానిని చూపి, మగ్గముమీదనే దానికి ఆ రంగున్నదనుట సత్యము కాదు.

అట్లని పాతవన్నియు నలుపు తెలుపులే యనరాదు. మన దేశమున 1937లోనే ‘కిసాన్ కన్య’ అను హిందీ చిత్రము రంగులలో వచ్చినది. తెలుగున మొదటి పూర్తి రంగుల చిత్రము 1963 నాటి ‘లవకుశ’. సి. పుల్లయ్యగారు 1934లో ఈ కథనే నలుపు తెలుపులో తీసియుండిరి. రెండవమారు వారు ప్రారంభించిన రంగుల చిత్రము ధనాభావముచే నడుమ నిలిచి, వారి కుమారులు సి. యస్. రావుగారి చేతిమీదుగ పూర్తియైనది. ఆ 1963లోనే వచ్చిన ‘నర్తనశాల’ మరల నలుపు తెలుపే. ఒక్క యేటనే రామారావుగారు రాముడుగ రంగులలోను, బృహన్నలగ నలుపు తెలుపులోను కనబడిరి. కావున సంవత్సరమును మాత్రము చూచి తీర్పు చెప్పరాదు.

పెద్దల జ్ఞాపకమును సైతము పరీక్షింపవలెను. హైదరాబాదు దూరదర్శన కేంద్రము 1977లో ఆరంభమైనను, మన దేశపు టెలివిజనుకు రంగులు 1982లో గాని రాలేదు. నలుపు తెలుపు పెట్టెలో ‘లవకుశ’ చూచినవారికి అదియు బూడిదవన్నెగనే కనబడియుండును. రంగులద్దిన ప్రతి పిల్లలను భ్రమింపజేసినట్లే, రంగులు లేని పెట్టె పెద్దలను భ్రమింపజేయును.

రంగులు చేర్చుటను మేము నిందింపము. దానివలన పాత చిత్రమును క్రొత్తతరమువారు ఆదరముతో చూచిరి. ఐనను బార్ట్లీగారు వెలుగునీడలతోనే వెన్నెలను కల్పించిన నౌకావిహార దృశ్యమును విద్యార్థులు ఒక్కమారైన మూలప్రతిలో చూడవలెనని మా కోరిక. పూర్వుల పనిని మెచ్చుకొనుటకు ముందు, వారు చేసినదేదో, పిమ్మటివారు చేర్చినదేదో తెలిసికొనుట మన విధి. ఇది చలనచిత్రములకే కాక, చరిత్రలో మనము చదువు ప్రతి సంగతికిని వర్తించును.