తోటివారి ఛాయాచిత్రములు - గుణదోష విచారణ

రేడియోలో ఛాయాచిత్రములను గూర్చి ప్రసంగించుట శ్రోతలకు వింతగా తోచవచ్చును. చిత్రము మీకు కనబడదు. మా చేతిలో నున్నది మాట యొక్కటే. కాని నేడు మేము చెప్పదలచినది చిత్రములను తీయు విధమును గూర్చి కాదు, తోటివారు తీసిన చిత్రములను చూచి మాటాడు విధమును గూర్చి. ఆ పనికి మాటయే సాధనము గనుక, ఈ ప్రసంగమునకు రేడియో తగిన చోటే యని భావించుచున్నాము.

వృత్తిగా గాక వేడుకగా ఫోటోలు తీయువారు అప్పుడప్పుడు ఒకచోట చేరి, తమ చిత్రములను ఒకరికొకరు చూపుకొనుట చాల కాలముగా నున్న ఆచారము. ఫోటోగ్రఫీ లోకమునకు వెల్లడియైనది 1839లో. మన దేశమున 1854లో బొంబాయిలోను, 1856లో కలకత్తా, మద్రాసు నగరములలోను ఫోటోగ్రఫీ సంఘములు వెలసినవి. ఇంగ్లండులో చిత్రముల కట్టను తపాలాలో ఒక సభ్యుని నుండి మరియొక సభ్యునికి పంపుచు, ఒక్కొక్కరు తమ అభిప్రాయమును వ్రాసి జతపరచు పద్ధతియు ఏర్పడినది. నేడు ఫిల్ముకు బదులు డిజిటల్ కెమేరాయు, సెల్‌ఫోనును వచ్చినవి. కాని చిత్రము చూపువాని కోరిక మారలేదు. చూచినవాడు ఏమనునో వినవలెనని అతడు ఎదురు చూచుచుండును.

అతనికి సాధారణముగా లభించునది ఏమి? "బాగుంది" అని ఒకరు, "ఏమంత బాగాలేదు" అని మరొకరు. రెండును తీర్పులే, రెంటిలోను అతడు ఇంటికి తీసికొనిపోదగినది ఏమియు లేదు. మాకు వచ్చు శ్రోతల ఉత్తరములందును ఇదే అనుభవము. "కార్యక్రమము అద్భుతము" అను ఉత్తరమును చదివి సంతోషించి ప్రక్కన పెట్టుదుము. "నాటకము రెండవ రంగములో తల్లి మాటలు వాన చప్పుడులో మునిగిపోయినవి" అను ఉత్తరమును మాత్రము స్టూడియోకు తీసికొనిపోవుదుము. అందు మేము చేయదగిన పని యున్నది.

పదవ శతాబ్ది ప్రారంభమునాటి ఆలంకారికుడు రాజశేఖరుడు తన కావ్యమీమాంసలో భావకులను, అనగా కావ్యమును ఆస్వాదించి విచారించువారిని, నాలుగు విధములుగా చెప్పినాడు. ఏదియు రుచింపనివాడు అరోచకి. ధాన్యముతో పాటు గడ్డిని కూడ తినునట్లు అన్నిటిని మెచ్చువాడు సతృణాభ్యవహారి. అసూయచే గుణమును కప్పిపుచ్చువాడు మత్సరి. విషయము యొక్క తత్త్వమును పట్టుకొన జూచువాడు తత్త్వాభినివేశి. చెప్పినది కావ్యమును గూర్చియే యైనను, ఫోటోలు చూపుకొను ఏ గదిలోనైనను ఈ నలువురు నేటికిని కనబడుదురు. మనలో ఒక్కొక్కరము వేర్వేరు దినములలో ఈ నలువురమును కాగలము.

మేమును ఒకనాడు అరోచకులమైతిమి. ఇరువది యేండ్లకు పైబడిన మాట. మేము సభ్యులముగా నుండిన ఒక సంఘమునకు క్రొత్తగా చేరిన యువకుడు తన మామ్మ చిత్రమును తెచ్చెను. ముప్పాతిక భాగము చీకటి. ఒక మూల కిటికీ. ఆ వెలుగులో చేట ముందు పెట్టుకొని కూర్చున్న ముసలమ్మ. మేము చూచినదే తడవుగా "బొగ్గుల కొట్టులో తీశావా, అబ్బాయీ?" అంటిమి. అందరును నవ్విరి. అతడును నవ్వెను. చిత్రమును కాగితములో చుట్టి సంచిలో పెట్టుకొనెను. తరువాతి నెల అతడు రాలేదు. ఆపై నెలయు రాలేదు.

అప్పుడు మేము చేసిన తప్పేమి? చిత్రము చీకటిగా నున్నదనుట అసత్యము కాదు. చూడకముందే తీర్పు చెప్పుట తప్పు. అందుచే మేము తరువాత ఒక నియమము పెట్టుకొంటిమి. గుణమో దోషమో చెప్పుటకు ముందు, ఆ చిత్రమును రేడియోలో వినువానికి వర్ణించుచున్నట్లు వర్ణింపవలెను. మొదట కన్ను ఎచ్చటికి పోయినది? అచ్చటి నుండి ఎటు కదలినది? వెలుగు ఏ వైపునుండి వచ్చుచున్నది? ఏ వస్తువు చూపును అడ్డగించినది? ఇట్లు చెప్పినంత మాత్రముననే చిత్రకారునికి ఎంతయో తెలియును. తాను చూపదలచిన బిడ్డ నవ్వును గాక, వెనుకనున్న తెల్లని గోడ ప్రకటనను జనులు ముందుగా చూచుచున్నారని అతనికి ఎవరును దోషము చెప్పకయే బోధపడును.

రెండవది, అడుగుట. "నీవు దేనిని చూపదలచితివి?" అను ప్రశ్న లేక చెప్పిన దోషము పలుమార్లు గురి తప్పును. జూలియా మార్గరెట్ కామెరాన్ అను ఆమె 1815లో కలకత్తాలో జన్మించెను. 48 ఏండ్ల వయస్సులో, 1863లో, కుమార్తెయు అల్లుడును కానుకగా ఇచ్చిన కెమేరాతో ఇంగ్లండులో చిత్రములు తీయ నారంభించెను. ఆమె చిత్రములలో ముఖములు మెత్తని మసకతో నుండును. పలకలపై గీతలును, మరకలును కనబడును. ఆనాటి ఫోటోగ్రఫీ పండితులు రెంటిని ఒకే గాట కట్టి, ఆమెకు పని రాదనిరి. మరకలు పనిలోని లోపములే. కాని మసక ఆమె కోరి నిలుపుకొన్నది. లండనులోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియమువారు 1865లోనే ఆమె చిత్రములను కొనిరి. నేడు ఆమె ఆ శతాబ్దపు గొప్ప ఛాయాగ్రాహకులలో ఒకరుగా పరిగణింపబడుచున్నది. విమర్శకులకు కన్నులు లేక కాదు. ఏది కోరినది, ఏది జారినది అని విడదీయకపోవుటయే వారి పొరపాటు.

మూడవది, కారణమును చూపుట. "అదిరింది", "మసకగా ఉంది" అనుట చాలదు. మసకకు ముఖ్యముగా మూడు కారణములు కలవు. చిత్రమే వానిని చెప్పును. కదలని గోడలు, స్తంభములు సహితము ఒకే దిక్కునకు జరిగినట్లు కనబడినచో కెమేరా కదలినదన్న మాట. అట్టివానికి "సెకనులో 15వ వంతు కాలము కెమేరాను ఉత్త చేతులతో పట్టకుము, స్తంభమునకు ఆనించుము" అని చెప్పవచ్చును. గోడ స్పష్టముగా నుండి పరుగెత్తు పిల్లవాడు మాత్రమే చెదరినచో, షట్టరు వేగము చాలలేదు. ముఖము మసకగా నుండి వెనుకనున్న తులసికోట స్పష్టముగా నున్నచో, ఫోకసు తప్పినది. ముగ్గురికిని ఒకటే మందు పనికిరాదు గదా!

నాలుగవది, చక్కబరుపదగినదానిని చక్కబరుపరాని దాని నుండి వేరుచేయుట. కొన్ని లోపములు చేతిలోనున్న చిత్రమునందే తీరును. రెండు అట్టముక్కలను మూలమట్టపు ఆకారమున కత్తిరించి, చిత్రముపై ఎదురెదురుగా నుంచి జరుపుచు చూచినచో, ఎంత భాగము అక్కరలేదో తేలిపోవును. కొన్ని లోపములు మరల తీయునప్పుడు మాత్రమే తీరును. తల వెనుకనుండి కరెంటు స్తంభము మొలచినట్లున్నచో రెండడుగులు ప్రక్కకు జరుగవలెను. మిట్టమధ్యాహ్నపు ఎండలో కనుగుంటలు నల్లబడినచో మనిషిని వసారాలోనికి పిలువవలెను. మరికొన్ని తీరనే తీరవు. డిజిటల్ చిత్రములో తెల్లని పంచె పూర్తిగా తెలుపెక్కిపోయినచో దాని మడతలు తిరిగి రావు; నెగెటివులో చీకటి భాగము ఏమియు గ్రహింపకపోయినచో ఎంత కడిగినను అందుండి ముఖము లేవదు. అట్టి లోపమును ఒక్కమారు చెప్పి విడువవలెను. అన్నిటిని ఏకరువు పెట్టుట విమర్శ కాదు. ఒక్క కూటమిలో ఒక్క చిత్రమునకు చేయదగిన పని ఒక్కటి చెప్పిన చాలును.

వినువానికిని ఒక ధర్మము కలదు. చెప్పుచున్నంతసేపు అతడు మౌనముగా వినవలెను. "ఆనాడు మబ్బు పట్టినదండి, త్రోపుడు ఎక్కువగా ఉన్నదండి" అను సమాధానములు చిత్రమునకు అతికింపరావు. చిత్రము ఒంటరిగానే లోకములోనికి పోవలెను. వినిన సలహాలన్నిటిని పాటింపనక్కరలేదు. ముగ్గురు వేర్వేరుగా ఒకే చోట తడబడినచో మాత్రము ఆ చోటును తప్పక చూచుకొనవలెను.

ఆ యువకుడు మాకు రెండేండ్లకు బజారులో కనబడెను. కెమేరా ఏమైనదని అడిగితిమి. బీరువాలో ఉన్నదనెను. మామ్మ చిత్రమును మరల చూడగోరితిమి. "ఎందుకులెండి" అనుచునే మరునాడు తెచ్చెను. ఈసారి చూచినది చూచినట్లు చెప్పితిమి. కిటికీ వెలుగు మొదట వ్రేళ్ళపై పడుచున్నది. అందుండి చేటలోని బియ్యము మీదికి జారుచున్నది. ముఖములో సగము మాత్రమే కనబడుచున్నది. ఎడమవైపు చీకటిలో చూచుటకు ఏమియు లేదు. తరువాత, నీవు చూపదలచినది ఏమని అడిగితిమి.

"ఆ చేతులేనండి. చూపు మందగించాక వేళ్ళతోనే రాళ్ళు ఏరేదండి" అనెను.

'ఏరేది' అన్న మాట మా చెవిని తాకెను. ఆమె పోయి ఏడాది యైనదట. అట్టముక్కలు తీసి ఎడమవైపు చీకటిని మూసితిమి. చేతులును, చేటయు, సగము ముఖమును నిలిచినవి. అతడు చాలసేపు చూచి, నెగెటివు ఇంటిలోనే ఉన్నదని చెప్పెను. మరుసటి నెల క్రొత్త ప్రింటుతో సంఘమునకు వచ్చెను.

ఆ ప్రింటును అందరును మెచ్చిరి. కాని మా లెక్క అంతటితో సరిపోలేదు. మా హాస్యమునకు గదిలో వచ్చిన నవ్వు ఒక్క నిమిషము. మామ్మ జీవించియున్న చివరి యేడాదియంతయు ఆ కెమేరా బీరువాలో నుండెను. కనుక శ్రోతలారా! ఈసారి మీ తమ్ముడో, ఇరుగుపొరుగు అమ్మాయియో తాము తీసిన చిత్రమును చేతికిచ్చినప్పుడు, ముందు కనబడినది చెప్పుడు. ఆపై ఒక్క ప్రశ్న అడుగుడు. తీర్పునకు తొందర లేదు.