ఆసియాన్ స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం

ఆసియాన్ స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం అనునది ఆగ్నేయాసియా దేశాల సమితి (ఆసియాన్) సభ్యదేశాలు తమ మధ్య జరిగే సరుకుల వ్యాపారంపై దిగుమతి సుంకాలను తొలగించుకొనుటకు ఏర్పరచుకొన్న వ్యవస్థ. ఇందుకు సంబంధించిన ఒప్పందంపై 1992 జనవరి 28న సింగపూరులో సంతకాలు జరిగాయి. అంతర్జాతీయ వ్యాపారపు మూలసూత్రాలు ఒక ప్రాంతంలో ఎలా అమలవుతాయో తెలుసుకొనుటకు ఇది మంచి ఉదాహరణ.

చరిత్ర

ఇండోనేషియా, మలేషియా, ఫిలిప్పీన్స్, సింగపూరు, థాయిలాండ్ దేశాలు 1967 ఆగస్టు 8న బ్యాంకాక్‌లో ఆసియాన్‌ను స్థాపించాయి. తరువాత బ్రూనై (1984), వియత్నాం (1995), లావోస్, మయన్మార్ (1997), కంబోడియా (1999) చేరాయి. 2025 అక్టోబరులో తూర్పు తైమూర్ పదకొండవ సభ్యదేశమైంది.

సభ్యదేశాల మధ్య సుంకాలను 0 నుండి 5 శాతం లోపునకు తగ్గించడం 1992 నాటి లక్ష్యం. 2010 మే 17న అమలులోకి వచ్చిన ఆసియాన్ సరుకుల వాణిజ్య ఒప్పందం, అంతకు ముందున్న ఒప్పందాలను ఒకచోట చేర్చింది. పాత సభ్యదేశాలు ఆరూ 2010లోనే దాదాపు అన్ని సరుకులపై సుంకాలు ఎత్తివేయగా, తరువాత చేరిన నాలుగు దేశాలకు 2018 వరకు గడువు ఇచ్చారు. వరి రైతుల ప్రయోజనాల దృష్ట్యా బియ్యానికి కొన్ని దేశాలు మినహాయింపు పొందాయి.

సుంకాల కూటమితో తేడా

ఐరోపా సమాఖ్య సుంకాల కూటమి. బయటి సరుకులపై దాని సభ్యదేశాలన్నీ ఒకే సుంకం విధిస్తాయి. స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతంలో మాత్రం బయటి సరుకులపై ఎవరి సుంకం వారిదే. సింగపూరులో చాలా సరుకులకు సుంకం లేదు. పొరుగు దేశాలలో ఉంది. అందువలన బయటి దేశపు సరుకు సింగపూరులో దిగి, అక్కడి నుండి సుంకం లేకుండా ఇండోనేషియాకు చేరే అవకాశం ఏర్పడుతుంది. దీనిని అడ్డుకొనుటకే ఉత్పత్తి మూల నియమాలు ఏర్పడ్డాయి.

ఉత్పత్తి మూల నియమాలు

సుంకం రాయితీ వర్తించేది అమ్మే దేశాన్ని బట్టి కాదు, సరుకు పుట్టిన చోటును బట్టి. సాధారణ నియమం ప్రకారం సరుకు విలువలో కనీసం 40 శాతం ఆసియాన్ దేశాలలో సమకూరాలి. లేదా బయటి ముడిసరుకు తయారీలో రూపం మారి, వేరొక సుంక శీర్షిక కిందకు రావాలి. ఉదాహరణకు 100 రూపాయల యంత్రంలో బయటి విడిభాగాల విలువ 60 రూపాయలకు మించకపోతే మొదటి నియమం నెరవేరినట్లే. దీనిని నిరూపించుటకు ఎగుమతిదారు 'ఫారం డి' అనే ధ్రువపత్రం పొందుతాడు.

ఒక సభ్యదేశంలో పుట్టిన విడిభాగాన్ని మరొక సభ్యదేశం తనదిగానే లెక్కించవచ్చును. ఇది పరిశ్రమల పని విభజనకు తోడ్పడింది. 2004లో టొయోటా సంస్థ ప్రారంభించిన వాహనాల పథకంలో డీజిల్ ఇంజన్లు థాయిలాండ్‌లోను, పెట్రోల్ ఇంజన్లు ఇండోనేషియాలోను, గేర్‌బాక్సులు ఫిలిప్పీన్స్‌లోను తయారయ్యాయి.

భారతదేశంతో సంబంధం

భారత్–ఆసియాన్ సరుకుల వాణిజ్య ఒప్పందంపై 2009 ఆగస్టు 13న బ్యాంకాక్‌లో సంతకాలు జరిగి, 2010 జనవరి 1 నుండి అమలు మొదలైంది. ఇందులో సాధారణంగా 35 శాతం ప్రాంతీయ విలువతో పాటు సుంక ఉపశీర్షిక మార్పు కూడా ఉండాలి. పామాయిల్, కాఫీ, తేయాకు, మిరియాలను ప్రత్యేక సరుకులుగా పరిగణించి, వాటిపై సుంకాన్ని పూర్తిగా తీసివేయక, క్రమంగా తగ్గించేందుకు అంగీకరించారు. ముడి పామాయిల్‌పై గరిష్ఠ సుంకం 2019 చివరికి 37.5 శాతానికి దిగాలని నిర్ణయించారు. ఆ పరిమితికి లోబడి సుంకాన్ని ఇంకా తగ్గించుకొనే అధికారం భారత ప్రభుత్వానికి ఉంది.

ఈ సుంకం తెలుగువారికి దగ్గరి విషయం. భారతదేశంలో పండే పామాయిల్ గెలలలో అత్యధిక భాగం ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవే. ఇండోనేషియా, మలేషియాల నుండి వచ్చే నూనె కాకినాడ, కృష్ణపట్నం రేవులలో దిగి అక్కడి శుద్ధి కర్మాగారాలకు చేరుతుంది. సుంకం తగ్గితే వంటనూనె చవకై వినియోగదారునికి మేలు కలుగుతుంది. కాని గెలల ధర ముడినూనె ధరపై ఆధారపడినందున, గోదావరి జిల్లాలలోను ఖమ్మం ప్రాంతంలోను ఉన్న రైతుకు రాబడి తగ్గుతుంది. సుంకం పెరిగితే ఫలితం ఇందుకు వ్యతిరేకం.