క్షయ చికిత్స: మద్రాసు నేర్పిన పాఠం

ఒకప్పుడు క్షయరోగానికి విశ్రాంతి, పుష్టికరమైన ఆహారం, స్వచ్ఛమైన గాలి మాత్రమే చికిత్స. మదనపల్లె సమీపాన ఆరోగ్యవరం వంటి శానిటోరియాలు ఇందుకోసమే వెలిశాయి. అయితే దేశంలోని రోగుల సంఖ్యతో పోలిస్తే అక్కడి పడకలు అత్యల్పం. 1943లో కనుగొన్న స్ట్రెప్టోమైసిన్, అనంతరం పాస్, 1952లో వాడుకలోకి వచ్చిన ఐసోనియాజిడ్ ఈ పరిస్థితిని మార్చివేశాయి. మందులే రోగాన్ని నయం చేయగలిగినప్పుడు రోగి ఇంటివద్దనే ఉండి చికిత్స పొందరాదా అనే ప్రశ్న ఉదయించింది.

దీనికి సమాధానం వెదకడానికి 1956లో మద్రాసులో క్షయ రసాయన చికిత్సా కేంద్రం ఏర్పడింది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు రాష్ట్ర ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి ఇందుకు సహకరించాయి. నగరంలోని పేద రోగులను రెండు వర్గాలుగా విభజించి, ఇరువురికీ ఒకే మందులను ఒక సంవత్సరంపాటు ఇచ్చారు. ఒక వర్గానికి శానిటోరియంలో విశ్రాంతి, మంచి భోజనం లభించాయి. రెండవ వర్గంవారు తమ ఇరుకు ఇళ్లలో, చాలీచాలని ఆహారంతోనే గడిపారు. 1959లో ప్రకటితమైన ఫలితాలలో ఉభయుల మధ్య వ్యత్యాసం స్వల్పమే. ఇంట చికిత్స పొందినవారి కుటుంబసభ్యులకు అధికంగా రోగం సోకలేదని కూడా తదుపరి పరిశీలనలో తేలింది.

అయితే ఇంటి చికిత్స దానంతటదే ఫలించలేదు. కేంద్రం సిబ్బంది ముందుగా తెలుపకుండా రోగుల ఇళ్లకు వెళ్లి మిగిలిన మందులను లెక్కించేవారు. మూత్రపరీక్ష ద్వారా మందు పుచ్చుకున్నదీ లేనిదీ గ్రహించేవారు. ఇంతటి శ్రద్ధ అవసరం కావడానికి కారణం ఉంది. చికిత్స ప్రారంభమైన కొద్ది వారాలకే దగ్గు, జ్వరం తగ్గుముఖం పడతాయి. రోగి తనకు నయమైనదని భావిస్తాడు. ఆసుపత్రికి వెళితే ఆనాటి కూలి పోతుంది. మందులవల్ల కడుపులో వికారం కలుగుతుంది. ఇరుగుపొరుగుకు తెలుస్తుందనే సంకోచమూ ఉంటుంది. ఫలితంగా మందు మానివేస్తాడు. కాని శరీరంలో మిగిలిన క్రిములు మళ్లీ వృద్ధి చెందుతాయి. మందులను సక్రమంగా వాడనప్పుడు వాటికి లొంగని క్రిములు ప్రబలి, ఇతరులకూ సంక్రమించవచ్చు. ఆ విధంగా ఒకరి చికిత్సలోని అంతరాయం సమాజానికి ముప్పుగా పరిణమిస్తుంది.

అందువల్లనే ఆరోగ్య కార్యకర్త సమక్షంలో మందు మింగించే పద్ధతిని మద్రాసు కేంద్రం 1960 దశకంలో పరీక్షించింది. తరువాతి కాలంలో అనేక దేశాలు ఈ పద్ధతిని స్వీకరించాయి. 1997లో మన జాతీయ కార్యక్రమానికీ ఇదే ఆధారమైంది. నేడు మందులకు లొంగే సాధారణ క్షయకు చికిత్సాకాలం సుమారు 6 నెలలు. రోగుల పోషణ నిమిత్తం 2018 నుండి కేంద్రప్రభుత్వం నెలకు 500 రూపాయలు అందించగా, 2024లో ఆ మొత్తం రెట్టింపయింది.

మందును ఉచితంగా ఇచ్చినంత మాత్రాన ప్రభుత్వం బాధ్యత తీరదు. రోగి అజాగ్రత్తపరుడని నిందించినంత మాత్రాన మందు అతని నోటికి చేరదు. కూలి పోకుండా మందు అందే వేళ, వికారం కలిగినప్పుడు సలహా చెప్పే మనిషి, ఓపికగా గుర్తుచేసే కుటుంబం ఉన్నచోట చివరి మాత్ర వరకు చికిత్స సాగుతుంది. మద్రాసులోని పేద ఇళ్లు ఆనాడే నిరూపించిన సత్యమిది.