స్క్రీన్‌షాట్ బరువు ఎలా తగ్గుతుంది?

కంప్యూటర్‌లో తెల్లటి పేజీకి స్క్రీన్‌షాట్ తీస్తే ఫైలు చిన్నదే. అదే తెర నిండా పూలతోట ఫొటో ఉంటే ఎన్నో రెట్లు పెద్దది. తెర ఒకటే కదా, మరి ఈ తేడా ఎందుకు?

తెరంతా రంగు చుక్కలే. వాటినే పిక్సెళ్లు అంటారు. అడ్డంగా 1920, నిలువుగా 1080 ఉంటే మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్క రంగుకు 3 బైట్లు. ఉన్నదున్నట్టు రాస్తే 62 లక్షల బైట్లు దాటుతుంది!

అందుకే 1996లో వచ్చిన పీఎన్‌జీ అనే బొమ్మల ఫైలు పద్ధతి ఓ కిటుకు వాడుతుంది. సరుకుల చీటీలో అమ్మ ‘కొబ్బరికాయ, కొబ్బరికాయ’ అని పదిసార్లు రాయదు. ‘కొబ్బరికాయలు 10’ అంటుంది. పీఎన్‌జీ కూడా ఒకే రంగు వరుసగా వస్తే ‘ఇందాకటిదే, ఇన్నిసార్లు’ అని రాసుకుంటుంది. ఒక్క చుక్కా పోదు. పూలతోటలో మాత్రం పక్కపక్క చుక్కలకే కాస్త కాస్త తేడా. అక్కడ ఈ కిటుకు పారదు.

ఫొటోలకు జేపెగ్ అనే మరో ఫైలు పద్ధతి నయం. బొమ్మను 8×8 చుక్కల గళ్లుగా విడదీసి, కంటికి ఆనని సన్నని తేడాలను వదిలేస్తుంది. అక్షరాల దగ్గర మాత్రం దీని పనితనం అంతంతే, అంచుల చుట్టూ మరకలు తేలతాయి! రాతలున్న స్క్రీన్‌షాట్‌నైతే పీఎన్‌జీలోనే ఉంచి, అక్కర్లేని భాగం కత్తిరించి, రంగులను 256కు కుదిస్తే సరి. చుక్కకు 3 బైట్ల బదులు ఒక్క బైటే పడుతుంది.